అరచేతిలో టేకుముక్క

కట్టోజు ఈశ్వరాచారికి ప్రభుత్వ సంస్థలో ఉద్యోగం వచ్చిన తీరు చెబితే ఇప్పటికీ కొందరు నమ్మరు. ఆయన పరీక్ష రాయలేదు, పైరవీ చేయించుకోలేదు, ఎవరింటికీ మామిడిపండ్ల బుట్ట మోసుకెళ్ళలేదు. ఒక టేకుముక్కను నున్నగా చిత్రిక పట్టి, నాలుగు మూలలూ గుండ్రంగా తీశాడు. అంతే.

మౌలాలిలో రైలు పట్టాల పక్కన ఆయనకు వడ్రంగి కొట్టు ఉండేది. దర్వాజలు, మంచాలు, దేవుడి మందిరాలు చేసేవాడు. ఆ కొట్టుకు ఎదురుగా ఉన్న ఖాళీ స్థలంలో రాష్ట్ర అరచేతి యంత్రాల సంస్థ వెలిసింది. జేబు ఫోన్లు ఇంకా అందరి చేతుల్లోకీ రాని రోజులవి. బల్లమీద పెట్టుకునే కంప్యూటరునే జనం చెప్పులు విప్పి లోపలికెళ్ళి చూసేవారు. అలాంటిది, అరచేతిలో ఇమిడే కంప్యూటరును అందరికంటే ముందు మనమే చెయ్యాలని ప్రభుత్వానికి ఉత్సాహం పుట్టింది. ఉత్సాహం పుట్టిన ఆరు నెలలకు భవనం లేచింది. మరో ఆరు నెలలకు ముప్పై ఒక్కమంది సిబ్బంది చేరారు. వారిలో పరిపాలన చూసేవారు పన్నెండుమంది, ఆ పరిపాలనను పర్యవేక్షించేవారు తొమ్మిదిమంది, వాహనాలు నడిపేవారు తొమ్మిదిమంది. మిగిలిన ఒక్కరు ఇంజనీరు. ఆమె పేరు నీలవేణి. తెనాలి అమ్మాయి.

ఒకరోజు పొద్దున నీలవేణి ఒక కాగితం పట్టుకుని రోడ్డు దాటి చారి కొట్టుకు వచ్చింది.

"చారిగారూ, ఈ కొలతలకి ఒక చెక్కముక్క కావాలండి. చొక్కా జేబులో పట్టాలి."

చారి కాగితం అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఏం జేస్తది మేడం ఇది?"

"ఏమీ చెయ్యదండి. నేను సంచిలో, మా ఆయన జేబులో, చెరో రోజు వేసుకు తిరుగుతాం. ఎప్పుడు తియ్యాలనిపిస్తుందో, ఎక్కడ అడ్డొస్తుందో చూసుకుంటాం. అప్పుడు అసలు యంత్రం ఎంత ఉండాలో తెలుస్తుంది."

ఆ మాట చారికి నచ్చింది. కొలత చూసుకోకుండా ఉలి ముట్టుకోవద్దని ఆయన తండ్రి చెప్పేవాడు. ఎవరింటి సింహద్వారానికో కోయగా మిగిలిన మంచి టేకుముక్క ఉంటే తీసి, సాయంత్రంలోగా తయారు చేశాడు. మూలలు జేబును చింపుతాయని గుండ్రంగా తీశాడు. రాయడానికి పుల్ల కూడా కావాలంటే అదీ చెక్కి ఇచ్చాడు. నీలవేణి దాన్ని చేతిలోకి తీసుకుని, పుల్లతో గాల్లో ఏదో రాసి, తృప్తిగా తలాడించింది.

అక్కడితో అయిపోవలసిన కథే. కాని ఆ చెక్కముక్క ఆమె బల్లమీద ఉండగా సంస్థ మేనేజింగ్ డైరెక్టరు త్రివిక్రమరావుగారు అటుగా వచ్చారు. మర్నాడు సచివాలయంలో సమీక్షా సమావేశం. రెండేళ్ళలో సంస్థ ఏం సాధించిందో చూపాలి. చూపడానికి ఆయన దగ్గర భవనం ఫోటో తప్ప ఏమీ లేదు.

"ఇదేనా మన యంత్రం?"

"కాదు సార్. ఇది చెక్క. కొలత కోసం చేయించాను."

"రంగు బాగుంది," అని త్రివిక్రమరావుగారు దాన్ని జేబులో వేసుకున్నారు.

సచివాలయంలో ముఖ్య కార్యదర్శి దాన్ని చేతిలో పెట్టుకుని బరువు చూశారు. జేబులో పెట్టారు, తీశారు, మళ్ళీ పెట్టారు.

"ఇప్పుడిది ఆన్‌లో ఉందా?"

త్రివిక్రమరావుగారు ఒక్క క్షణం ఆలోచించి, "ప్రస్తుతానికి లేదు సార్," అన్నారు. అబద్ధం కాదు.

"శబ్దం లేదు. వేడెక్కడం లేదు. పురోగతి సంతృప్తికరంగా ఉంది. జిల్లాకొకటి చొప్పున ఇరవై మూడు సరఫరా చెయ్యండి. దీన్ని అలవాటు దశ అందాం. అధికారులు ముందు అలవాటు పడాలి. యంత్రం ఏం చేస్తుందన్నది తర్వాతి దశలో సముచిత స్థాయిలో పరిశీలిద్దాం."

సంగతి విని నీలవేణి పరుగున మేనేజింగ్ డైరెక్టరు గదికి వెళ్ళింది. "అది చెక్క అని చెప్పలేదా సార్?"

"చెప్పే సందర్భం రాలేదమ్మా. ఆయన సంతోషంగా ఉన్నారు. సంతోషంగా ఉన్న పై అధికారికి సాంకేతిక వివరాలు చెప్పడం మర్యాద కాదు."

ఇరవై మూడు ముక్కలకు ఆర్డరు వచ్చినప్పుడు చారి బుర్ర గోక్కున్నాడు. "మేడం, ఇరవై మూడుమంది గిట్లనే జేబుల ఏస్కొని తిరుగుతరా?" అని అడిగాడు. నీలవేణి, "మీరు చెయ్యండి చారిగారూ. ఈలోగా నేను అసలుది తయారు చేస్తాను," అంది. సంస్థ వెనకవైపు, పాత కుర్చీలు పడేసే గది ఒకటి ఉంది. ఆమె అందులో తలుపేసుకుని కూర్చుంది.

చారిని తాత్కాలిక రూపశిల్పిగా సంస్థలోకి తీసుకున్నారు. ఇంట్లో భార్య సులోచన నీళ్ళచెంబు అందిస్తూ అడిగింది, "ఆడ మీకేం పని?"

"చెక్కపనే."

"ఆడ కంప్యూటర్లు జేస్తరంటిరి గద."

"ఆ. అవి నేనే జేస్తున్న."

సులోచన మొగుడి ముఖం వంక కాసేపు చూసి, జ్వరమేమీ లేదని నిశ్చయించుకుని లోపలికెళ్ళింది.

జిల్లా అధికారులకు మూడు రోజుల శిక్షణ పెట్టారు. మొదటి రోజు యంత్రాన్ని జేబులోంచి తీయడం. రెండో రోజు ఎడమచేత్తో పట్టుకుని కుడిచేత్తో పుల్ల ఆడించడం. మూడో రోజు మళ్ళీ జేబులో పెట్టుకోవడం, ప్రశంసాపత్రాల ప్రదానం. ఏదైనా పాడైతే బాగుచెయ్యడానికి చారి తన పెట్టె వెంటబెట్టుకుని చివరి వరసలో కూర్చున్నాడు. ఏదీ పాడవలేదు. ఒక రెవెన్యూ అధికారి మాత్రం చెయ్యెత్తి, "ఇందులో మనం రాసింది ఎక్కడ కనబడుతుందండీ?" అని అడిగాడు. శిక్షకుడు చిరునవ్వు నవ్వి, "అది రెండో దశ," అన్నాడు. అడిగినాయన సిగ్గుపడి కూర్చున్నాడు.

మూడు నెలలకు జిల్లాల నుంచి నివేదికలు వచ్చాయి. యంత్రం ఒక్కసారి కూడా ఆగిపోలేదు. కరెంటు అక్కర్లేదు. ఒక చోట జీపులోంచి పడినా దెబ్బతినలేదు. ఒక చోట వానలో తడిసినా పనితీరులో తేడా రాలేదు. ఇరవైమంది తృప్తిగా ఉన్నారు. మిగిలిన ముగ్గురి ఫిర్యాదు ఒకటే: పుల్ల పోతోంది.

చారి నిజమైన పనివాడు. ఫిర్యాదు వస్తే నిద్రపట్టదు. చెక్క పక్కన సన్నని తొర్ర తొలిచి, పుల్ల అందులో బిగుతుగా కూర్చునేట్టు చేశాడు. సంస్థ దాన్ని రెండో వెర్షన్ అని ప్రకటించింది. తర్వాత కొందరు రాసింది నిలవడం లేదన్నారు. చారి పైభాగానికి పలక రంగు పూసి, పుల్ల చివర బలపం అమర్చాడు. ఇది మూడో వెర్షన్. దీని గురించి సంస్థ వార్షిక నివేదికలో ఇలా రాశారు: "తుడిచిన పోవును, తుడవనిచో ఉండును. జ్ఞాపకశక్తి సంపూర్ణముగా అధికారి అధీనములో నుండుట ఈ యంత్రము యొక్క విశిష్టత."

ఆ తర్వాత సెల్‌ఫోన్ల మోజు వచ్చింది. యంత్రమూ ఫోనూ రెండూ ఒకటే కావాలని పైనుంచి ఆదేశం వచ్చింది. చారి చెక్క వీపున గుంట తొలిచి, ఫోను అందులో ఇమిడేలా చేసి, రబ్బరు పట్టీ వేశాడు. నాలుగో వెర్షన్. పొరుగు రాష్ట్రం నుంచి ఒక బృందం అధ్యయనానికి వచ్చి చూసి ముచ్చటపడింది. ఇంత తేలికైన యంత్రానికి విడిభాగాలు ఏ దేశం నుంచి తెప్పిస్తున్నారని బృంద నాయకుడు అడిగాడు. త్రివిక్రమరావుగారు వినయంగా, "అన్నీ స్థానిక వనరులే," అన్నారు.

చారికి ప్రధాన రూపశిల్పి అన్న హోదా, గిర్రున తిరిగే కుర్చీ ఇచ్చారు. నేలమీద కూర్చుని పనిచెయ్యడం అలవాటు కనక ఆయన ఆ కుర్చీలో ఉలులు, చిత్రిక పెట్టుకునేవాడు. నలుగురు పనివాళ్ళు చేతికింద చేరారు. ఉద్యోగం ఖాయం చేసే ఫైలు కదిలింది. అందరూ నమస్కారం పెడుతున్నారు. అయినా ఆయనకు లోపల ఎక్కడో ముల్లు గుచ్చుతుండేది. దర్వాజ చేసిస్తే మనిషి అందులోంచి ఇంట్లోకి పోతాడు. మంచం చేసిస్తే పడుకుంటాడు. ఈ చెక్కముక్క దేనికో ఆయనకే అంతుపట్టలేదు.

నాలుగేళ్ళ తర్వాత ఒక మధ్యాహ్నం నీలవేణి వెనకగది తలుపు తీసి, "చారిగారూ, ఒకసారి రండి," అని పిలిచింది.

బల్లమీద అరచేతంత యంత్రం ఉంది. ముందువైపు గాజు. నీలవేణి పుల్ల ఆయన చేతికిచ్చి పేరు రాయమంది. చారి రాశాడు. నల్లటి అక్షరాలు గాజుమీద అలాగే నిలిచాయి. ఆమె యంత్రం ఆపి, మళ్ళీ వెలిగించింది. పేరు అక్కడే ఉంది.

"ఇప్పుడు మీకు ఏం గుర్తుండాలో, ఎప్పుడు గుర్తుండాలో రాయండి."

చారి ఆలోచించి, మూడు గంటలకు టీ అని రాశాడు. ఇద్దరూ మాటల్లో పడ్డారు. సరిగ్గా మూడు గంటలకు యంత్రం పిచ్చుకపిల్లలా కుయ్యికుయ్యిమంది. గాజుమీద టీ అని తేలింది.

"తుడ్వకున్నా ఉంటదా మేడం?"

"మీరు మరిచిపోయినా ఉంటుంది."

చారి ఆ యంత్రాన్ని చాలాసేపు చేతిలో పట్టుకుని చూశాడు. ఇన్నాళ్ళూ తను చెక్కింది దీని ఖాళీ చోటునని అప్పుడు అర్థమైంది.

యంత్రాన్ని ఆమోదించడానికి నిపుణుల కమిటీ వేశారు. అధ్యక్షుడు కైలాసంగారు రిటైరైన పెద్ద అధికారి. ఏ యంత్రమైనా ఆమోదిత నమూనాకు అనుగుణంగా ఉండాలన్నది నియమం. ఆమోదిత నమూనా అంటే చారి చెక్క. కనుక షరతులన్నీ దాన్నిబట్టే రాశారు. జీపులోంచి పడినా చెక్కుచెదరకూడదు. నీళ్ళలో వేస్తే తేలాలి. అధికారి అనుమతి లేకుండా శబ్దం చేయరాదు. ఏ పరిస్థితిలోనూ ఆగిపోరాదు.

జీపు తెప్పించారు. నీలవేణి యంత్రాన్ని సీటు ఎత్తునుంచి వదిలారు. గాజు పగిలింది. రెండోదాన్ని బకెట్లో వేశారు. మునిగింది. చారి చెక్కను జీపులోంచి వదిలారు, పక్కకు దొర్లి ఆగింది. బకెట్లో వేశారు, తేలింది.

"సార్, అది చెక్క," అంది నీలవేణి. "చెక్క కాబట్టి పగల్లేదు."

"మేమూ అదే అంటున్నామమ్మా," అన్నారు కైలాసంగారు.

ప్రధాన రూపశిల్పి అభిప్రాయం కూడా నమోదు చెయ్యాలన్నారు. చారి లేచి నిలబడ్డాడు. ఆయన ఉద్యోగం ఖాయం చేసే ఫైలు అదే బల్లమీద, సంతకం కోసం తెరిచి ఉంది. చేతికింది నలుగురి ఫైళ్ళు దాని అడుగున ఉన్నాయి. చారి గొంతు సవరించుకున్నాడు.

"సార్, నేను వడ్రంగిని. నాకు ఇంగ్లీషు రాదు, కంప్యూటరు రాదు. నేను జేసింది టేకు చెక్క. దానికి ఏం రాదు, ఏం తెల్వదు. మేడం జేసిందే అసలుది. ఆమెకు నాలుగేండ్లు పట్టింది, నాకు ఒక్క పూట. మీరు దాన్నే తీస్కోండ్రి."

కైలాసంగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"గొప్ప కళాకారులు తమ పనిని ఇలాగే తక్కువ చేసుకుంటారు," అన్నారు. "ఇంతటి వినయం ఈ రోజుల్లో అరుదు. నమోదు చెయ్యండి."

నమోదు చేశారు. చారి వినయాన్ని ప్రశంసిస్తూ, ఉద్యోగాన్ని ఖాయం చేస్తూ అక్కడికక్కడే సంతకం చేశారు. నీలవేణి యంత్రాన్ని నమూనాకు అనుగుణంగా లేనందున తిరస్కరించారు. ఆమె రెండు యంత్రాలనూ, పగిలిన గాజునూ సంచిలో వేసుకుని వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం చారి అన్నం కెలికి వదిలేశాడు.

"పర్మనెంటయినంక గిట్ల ముఖం పెడ్తరా ఎవరన్న?" అంది సులోచన.

చారి జరిగిందంతా చెప్పాడు. మెతుకు మిగల్చకుండా చెప్పాడు. సులోచన విని, ఖాళీ గిన్నెలు తీస్తూ, "వాళ్ళకు చెక్కనే గావాల్నంటే చెక్కల పెట్టి ఇయ్యరాదు? పిల్లలకు చేదుగోలి ఊకె ఏస్తమా? బెల్లంల పెట్టి మింగిపియ్యమా?" అంది.

చారి ఎడమచేత్తో కంచం మళ్ళీ దగ్గరకు లాక్కున్నాడు.

మర్నాడు ఆయన ఒక చెక్కను లోపలినుంచి తొలిచాడు. నీలవేణి యంత్రంలోని పలకను, రెండు సన్న సెల్లులను అందులో కూర్చాడు. గాజు అంచుకంటే ఒక గీటు లోతుకు దిగేలా గాడి తీశాడు. కింద పడితే దెబ్బ చెక్క అంచు కాస్తుంది, గాజు కాదు. లోపల చుట్టూ హవాయి చెప్పు రబ్బరు ముక్కలు పేర్చాడు. సందులన్నీ తేనెమైనంతో మూశాడు. ఇద్దరూ దాన్ని మెట్లమీదినుంచి వదిలారు. మళ్ళీ వదిలారు. బకెట్లో వేశారు. మైనం రెండుసార్లు కారింది, మూడోసారి నిలిచింది. నాలుగేళ్ళుగా ఆలోచిస్తున్నా ఈ అమరిక తనకు తట్టలేదని నీలవేణి ఒప్పుకుంది. చెవి దగ్గర పెట్టుకుని, రేపు ఫోను కూడా ఇందులోనే కలిపేయొచ్చని లెక్కలు వేసింది.

కమిటీకి దాన్ని ఐదో వెర్షన్‌గా పంపారు. వివరాల గడిలో "చిన్న మార్పులు" అని రాశారు.

"చెక్కేనా?" అని అడిగారు కైలాసంగారు.

"చెక్కనే సార్. టేకు," అన్నాడు చారి.

జీపు తెప్పించారు, బకెట్ తెప్పించారు. నాలుగు నిమిషాల్లో ఆమోదం దొరికింది.

ఇరవై మూడు జిల్లాలకు ఇరవై మూడు యంత్రాలు వెళ్ళాయి. మొదటి వారం అందరూ మెచ్చుకున్నారు. రెండో వారం సోమవారం వచ్చింది.

సోమవారం అర్జీల రోజు. ఎవరైనా అర్జీ ఇస్తే అధికారి యంత్రం తీసి, అర్జీదారు కళ్ళముందే, వచ్చే సోమవారంలోగా చేస్తామని పుల్లతో రాసుకోవడం శిక్షణలో నేర్పిన పద్ధతి. ఏళ్ళ తరబడి అలా రాశారు. బలపం రాత సాయంత్రానికి చేతి తడికి చెరిగిపోయేది. ఇప్పుడు సోమవారం పదిన్నరకు, హాలునిండా జనం ఉండగా, ఇరవై మూడు జిల్లాల్లోనూ యంత్రాలు కుయ్యిమన్నాయి. గాజుమీద అర్జీదారు పేరు, అతని ఊరు, ఇచ్చిన మాట. పని అయిందని పుల్లతో గీత గీస్తే తప్ప నోరు మూయవు. ఒక జిల్లాలో జనానికి ఈ గుట్టు తెలిసిపోయి, వరండాలో వరసగా కూర్చుని చెవులు రిక్కించి వినడం మొదలుపెట్టారు. కుయ్యిమనగానే, "మాదేనా, మీదా?" అని ఒకరినొకరు అడిగేవారు.

ఫిర్యాదులు కట్టలు కట్టలుగా వచ్చాయి. మూడు వారాల్లో పైనుంచి మెమో వచ్చింది. "జ్ఞాపకముంచుకొనుట, మరచుట అనునవి అధికారి విచక్షణకు సంబంధించిన అంశములు. యంత్రము సదరు విచక్షణలో జోక్యము చేసుకొనుట పరిపాలనా సంప్రదాయములకు విరుద్ధము. కావున ఐదవ వెర్షనును తక్షణమే వెనుకకు తీసుకొని నాల్గవ వెర్షనును పునరుద్ధరించవలెను."

ఇరవై రెండు వెనక్కి వచ్చాయి. ఆదిలాబాద్ వైపు వెళ్ళిన ఒకటి రాలేదు. రెండు ఉత్తరాలు రాసినా జవాబు లేదు. నీలవేణికి ఉద్యోగం మీద విరక్తి పుట్టి రాజీనామా కాగితం రాసి సొరుగులో పెట్టుకుంది. పోయిన యంత్రాన్ని తెమ్మని చారిని పంపారు.

చారి బస్సు దిగి జిల్లా కార్యాలయంలో అడిగితే, అది చాలా చేతులు మారిందని తేలింది. మోగే వస్తువు ఎవరికి గిట్టుతుంది? కలెక్టరు "పరిశీలన నిమిత్తం" అని జాయింటు కలెక్టరుకు పంపారు. ఆయన "తగు చర్య నిమిత్తం" అని రెవెన్యూ అధికారికి పంపాడు. ఆయన అది ఆరోగ్యశాఖదని తోశాడు. ఆరోగ్యశాఖ నుంచి ఒక డాక్టరుకు, డాక్టరు నుంచి అడవి అంచున ఉన్న ఉపకేంద్రం నర్సుకు చేరింది. ఆమె కింద ఎవరూ లేరు. అందుకని అక్కడ ఆగింది.

నర్సు పేరు మడావి సోంబాయి. నలభై ఏళ్ళుంటాయి. చారి వెళ్ళేసరికి సూదిమందుల డబ్బాలో మంచుగడ్డలు సర్దుతోంది. పైన తాడు కట్టి మెడలో వేసుకున్న చెక్క చూడగానే చారి గుర్తుపట్టాడు.

"అది వాపసు తీస్కపోవాలె అమ్మా. పైనుంచి ఆర్డరు," అన్నాడు.

సోంబాయి మెడలో చెక్కను చేత్తో పట్టుకుంది. "నా కింద పద్నాలుగు గూడేలు సార్. ఏ పాపకు ఏ సూది ఎన్నడియ్యాల్నో యాది పెట్టుకోవాలె. నా రిజిస్టరు పోయిన వానకాలం వాగుల కొట్టుకపోయింది. నలుగురు పిల్లలకు రెండో సూది తప్పింది. ఇది గూడ వాగుల పడ్డది సార్."

"మరి?"

"తేలింది. ఈదుకుంట పోయి పట్టుకున్న."

చారి ఏదో అనబోయాడు. అంతలో చెక్క కుయ్యిమంది. సోంబాయి చూసి, గాజు ఆయనవైపు తిప్పింది. కుర్సెంగి లచ్చుబాయి పాప, రెండో సూది, పెద్దగూడ.

"మూడు కోసులు. మీరు కూసోండి, పొయ్యొస్తా," అని ఆమె డబ్బా భుజానికి తగిలించుకుంది.

"ఒక్క నిమిషం," అన్నాడు చారి. చెక్క తీసుకుని చూశాడు. ఒక మూల రాయికి కొట్టుకుని పెచ్చు లేచింది. చర్మానికి గీసుకుంటుంది. ఆయన సంచిలోంచి గరుకు కాగితం తీసి, గుమ్మంలో కూర్చుని ఆ మూలను నున్నగా రుద్దాడు. సందులో మైనం వేలితో అదిమి చూశాడు. చెక్కుచెదరలేదు. తాడు ముడి గట్టిగా వేసి ఆమె చేతికిచ్చాడు. ఆమె వాగు దాటి, చెట్ల వెనక కనపడకుండా పోయేదాకా అక్కడే నిలబడి చూశాడు. ఈ నాలుగేళ్ళలో మొదటిసారి తన చేతిపని ఒకరికి దర్వాజలా, మంచంలా పనికొచ్చిందని ఆ రోజు అనిపించింది.

తిరుగు బస్సులో నివేదిక రాశాడు. ఇన్నేళ్ళు ఆఫీసులో ఉన్న ఫలితంగా ఆ భాష ఆయనకూ అంటింది.

"పై విషయమై క్షేత్రస్థాయిలో పరిశీలించడమైనది. సదరు వస్తువు టేకు చెక్క. జీపు నుండి గాక వాగులో పడినను చెక్కుచెదరలేదు. నీటిలో తేలినది. ఆమోదిత నమూనాకు అన్ని విధముల అనుగుణముగా నున్నందున వెనుకకు తీసుకొను అవసరము కనబడుట లేదు."

త్రివిక్రమరావుగారు చదివి, ఆమోదిత నమూనా అన్న మాట కింద గీత గీసి, సంతకం పెట్టారు. "ఇలా రాసేవాళ్ళు ముప్పై ఒక్కమందిలో ఒక్కరు లేరు," అని మెచ్చుకున్నారు.

నకలు నీలవేణికి చేరింది. ఆమె చదువుతూ చదువుతూ కుర్చీ వెనక్కి వాలి, కళ్ళలో నీళ్ళు వచ్చేదాకా నవ్వింది. చారి కూడా నవ్వి, సోంబాయి సంగతంతా చెప్పాడు. నవ్వు ఆగాక ఆమె స్టోరుగది వైపు చూసింది. వెనక్కి వచ్చిన ఇరవై రెండు అక్కడ గోనెసంచిలో ఉన్నాయి.

"అవీ తేలతాయా చారిగారూ?"

"అన్నీ ఒక్క చెక్కే మేడం."

పెరట్లో కుళాయి కింద బకెట్ పెట్టారు. నీలవేణి ఒక్కొక్కటే నీళ్ళలో వేసేది. చారి తేలినదని చిట్టీమీద రాసి, మిగులు చెక్క అని ముద్ర వేసేవాడు. పద్దెనిమిది ఆరోగ్య ఉపకేంద్రాలకు చిరునామాలు అప్పటికే రాసి ఉన్నాయి. డాక్టర్లను ఫోన్లోనే అడిగితే, మోగేదైతే మా నర్సుకు వెంటనే పంపండన్నారు. రాజీనామా కాగితం వెనక ఖాళీగా ఉందని నీలవేణి ఆ చిరునామాలు దానిమీదే రాసింది.

పంతొమ్మిదోది బకెట్లో పడగానే మోగింది. నీళ్ళలో అటూ ఇటూ ఊగుతూ కుయ్యికుయ్యిమంటోంది. ఆ రోజు సోమవారం. నీలవేణి దాన్ని తీసి కొంగుతో తుడిచి చదివింది. ఎవరో ముసలమ్మ పింఛను, నల్లగొండ వైపు ఒక ఊరు, వచ్చే సోమవారం తప్పక. కింద కలెక్టరుగారి పొట్టి సంతకం.

"నోరు మూపిద్దామా మేడం?" అన్నాడు చారి.

"మనమెవరం మూయించడానికి," అంటూ ఆమె లోపలికెళ్ళి ఫోను తీసి, ఆ జిల్లా కార్యాలయానికి కలిపింది. కలెక్టరుగారు లైన్లోకి వచ్చేదాకా ఓపిగ్గా ఆగింది. వచ్చాక, చెక్కను రిసీవరుకు దగ్గరగా పట్టుకుని, చాలా మర్యాదగా చెప్పింది.

"నమస్కారం సార్. మీ చెక్క మోగుతోంది."